దివాళా ఇంటి బిడ్డ – దత్తమండలాల కలెక్టరు
(సర్ థామస్ మన్రో జీవిత విశేషాలు)

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలలో ఉద్యోగాలు చేసి విశ్రాంత జీవితం గడుపుతున్న మనందరికీ పరపతి అన్న మాట రెండర్థాలలో పరిచయమే. సహకార సంఘం బోర్డు మీద కనిపించే పరపతి ఒకటి. ఊళ్ళో నలుగురిలో మాట చెల్లే పరపతి రెండవది. మొదటిది పోతే రెండవదీ పోతుందని మనవాళ్ళ భయం. ప్రత్తి, వేరుశనగ వ్యాపారాల మీద బ్రతికే సీమ మనది. ఫలానావారు ఐ.పి. పెట్టారట అన్న మాట బజారులో పుట్టిందంటే చాలు, ఆ ఇంటికి సంబంధాల మాట ఎత్తేవారుండరు. కొడుకు వ్యాపారానికి జామీను సంతకం చేసిన పాపానికి రిటైరైన తండ్రి గ్రాట్యుటీ సొమ్ము మొత్తం బాకీల కింద జమ అయిపోతుంది. మన సభ్యుల కుటుంబాలలోనూ ఇటువంటివి జరగకపోలేదు. జరిగినవారు బయటికి చెప్పుకోలేదు, అంతే.

ఈ ప్రత్యేక సంచికలో అటువంటి దివాళా ఇంట పుట్టి, మన గడ్డ మీద ఏడేళ్ళు కలెక్టరుగా పనిచేసి, చివరకు మన పత్తికొండలోనే కన్నుమూసిన ఒక ప్రముఖుని జీవితాన్ని స్మరించుకోవడం సముచితమని తలచాము. ఆయనే సర్ థామస్ మన్రో. మన పెద్దలకు మన్రో దొర.

గ్లాస్గోలో బాల్యం

మన్రో 1761వ సంవత్సరం మే 27వ తేదీన స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో జన్మించారు. తండ్రి అలెగ్జాండర్ మన్రో పెద్ద వ్యాపారి. అమెరికాలోని వర్జీనియా నుంచి పొగాకు తెప్పించి అమ్మడం ఆ రోజుల్లో గ్లాస్గో వర్తకులకు ప్రధాన వ్యాపారం. ఇల్లు కలిగినది. పిల్లవాడు గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చదువుకున్నాడు. తరువాత వ్యాపారం నేర్చుకోవడానికి ఒక వర్తకుని కొట్టులో లెక్కలు వ్రాయడానికి చేరాడు. తండ్రి తరువాత తానే ఆ వ్యాపారం చూసుకోవాలన్నది ఇంట్లో వారి ఆలోచన.

ఇంతలో అమెరికా వలస రాజ్యాలు ఇంగ్లండు మీద తిరుగుబాటు చేశాయి. 1776 నాటికి వర్జీనియాతో వర్తకం ఆగిపోయింది. అక్కడి తోటల యజమానులకు ఇచ్చిన అరువులు వసూలు కాలేదు. ఇక్కడ తాము చెల్లించవలసిన బాకీలు మాత్రం నిలిచే ఉన్నాయి. వర్తకంలో దివాళా తీసేవారందరూ మోసగాళ్ళు కారనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు. వానలు లేక మన ఆదోని వ్యాపారి మునిగినట్లే, ఎక్కడో సముద్రానికి ఆవల జరిగిన యుద్ధం వల్ల గ్లాస్గో వ్యాపారి మునిగిపోయాడు.

కలిగిన ఇల్లు లేని ఇల్లయింది. పద్దెనిమిదేళ్ళ థామస్ ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చిన్న ఉద్యోగం సంపాదించి ఓడ ఎక్కాడు. 1780 జనవరిలో మద్రాసులో దిగాడు. చేతిలో డబ్బు లేదు, వెనక చెప్పుకోవడానికి ఇంటి పరపతి లేదు.

నూరు పౌనుల మాట

ఆ తరువాత పన్నెండేళ్ళు మన్రో సైనికుడు. హైదర్ అలీతోను, టిప్పు సుల్తానుతోను జరిగిన యుద్ధాలలో పనిచేశారు. జీతం స్వల్పం. అదైనా సకాలంలో వచ్చేది కాదు. ఇండియాలో అందరూ ధనరాశుల మీద పడుకుంటారని అనుకునే చెల్లెలికి ఆయన ఇంటికి వ్రాసిన ఒక ఉత్తరంలో తన పేదరికాన్ని నవ్వుతూ వర్ణించారు. ఏళ్ళ తరబడి సరైన పడక, తలగడ లేకుండానే గడిపినట్లు ఆ ఉత్తరం వల్ల తెలుస్తున్నది.

అటువంటి స్థితిలోనే ఆయన ఒక పని చేశారు. సోదరుడు అలెగ్జాండరూ తానూ కలిసి సంవత్సరానికి నూరు పౌనులు తండ్రికి పంపాలని నిర్ణయించుకున్నారు. ఆ నూరు పౌనులతో గ్లాస్గోలో పోయిన వ్యాపారం తిరిగి రాదు. అయితే ముసలి తల్లిదండ్రులు ఒకరి ముందు చేయి చాపకుండా బ్రతకడానికి అది ఆధారం. ఒకేసారి పెద్ద మొత్తం తెచ్చి ఇల్లు నిలబెడతామని కొడుకులు ప్రగల్భాలు పలకలేదు. తమ జీతానికి తగినంత మొత్తం అనుకుని, దానిని బాధ్యతగా నెత్తిన వేసుకున్నారు. మన్రో తరువాతి జీవితానికంతటికీ పునాది ఈ చిన్న లెక్కలోనే ఉన్నదని మాకు తోస్తుంది.

1792లో సేలం, ధర్మపురి వైపు బారామహల్ ప్రాంతం కంపెనీ చేతికి వచ్చింది. అక్కడి శిస్తు నిర్ణయానికి కెప్టెన్ రీడ్ అనే అధికారి కింద సహాయకుడుగా మన్రోను వేశారు. గుర్రం దిగి, పొలాల గట్ల మీద తిరిగి, రైతులతో మాట్లాడి, రెవెన్యూ పని నేర్చుకున్నది అక్కడే. ఏడేళ్ళ తరువాత కొంతకాలం కెనరా కలెక్టరుగా పనిచేశారు.

అక్కడే ఆయన చూసిన మరో సంగతి ఎమ్మిగనూరు వాసులకు ఆసక్తికరం. బారామహల్‌లో కంపెనీ వర్తక ఉద్యోగులు నేతగాళ్ళను పోగుచేసి, కాపలా పెట్టి, కంపెనీకి తప్ప మరెవరికీ బట్ట నేయమని ఒప్పుకునేదాకా వదిలేవారు కారు. బలవంతాన అడ్వాన్సు చేతిలో పెట్టేవారు. ఒకసారి ఆ అడ్వాన్సు పుచ్చుకున్న నేతగాడు దాని నుంచి బయటపడడం అరుదు. ఈ విషయాన్ని మన్రో 1813లో పార్లమెంటు కమిటీ ముందు సాక్ష్యంలో దాచకుండా చెప్పారు. అప్పులన్నీ ఒక్కటి కావు. మనిషిని నిలబెట్టే అప్పు వేరు, కట్టిపడేసే అప్పు వేరు.

దివాళా తీసిన దేశం

1800 అక్టోబరులో హైదరాబాదు నిజాం తన సైనిక వ్యయం కింద బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలను కంపెనీకి ధారాదత్తం చేశాడు. అవే దత్తమండలాలు. 1928లో నంద్యాల సభలో రాయలసీమ అన్న పేరు వచ్చేదాకా మన సీమను ఆ పేరుతోనే పిలిచారు. ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ అందులోనివే. కర్నూలు పట్టణం మాత్రం 1839 దాకా నవాబుల పాలనలోనే ఉన్నది. ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లాలో ఉండి, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లాలో కలిసిన సంగతి మనలో చాలామందికి తెలిసినదే.

ఈ దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా మన్రో వచ్చారు. అప్పటి మన సీమను దివాళా తీసిన ఇల్లు అనవచ్చు. ఆదవాని కోటను 1786లో టిప్పు పట్టుకుని పాడుచేశాడు. 1790 నుంచి 1792 వరకు భయంకరమైన కరువు. తరువాత నిజాం తరఫున శిస్తు గుత్తకు పట్టినవారు దొరికినంత దండుకుపోయారు. ఎనభై మంది దాకా పాళెగాళ్ళు ఎవరికి వారే రాజులు. పొలాలు బీళ్ళయ్యాయి. ఎద్దులు లేవు, విత్తనం లేదు. రైతుకు సాహుకారు అప్పు ఇవ్వడు, ఎందుకంటే పండినా అది రైతు ఇంటికి వస్తుందన్న నమ్మకం లేదు. సర్కారును రైతు నమ్మడు, ఎందుకంటే ఈ ఏడు చెప్పిన శిస్తు రేపు మారిపోతుంది.

మన్రో మొదట చేసినది బలప్రయోగమే. పాళెగాళ్ళను సైన్యంతో అణచివేశారు. 1801లో మన తెర్నేకల్లు గ్రామస్థులు శిస్తు విషయంలో ఎదురుతిరిగినప్పుడు కంపెనీ సైన్యం ఆ ఊరిమీద పడి చాలామందిని చంపింది. మన్రోను దేవుడిగా కొలిచేవారు ఈ సంగతి మరువరాదు. ఆయన కంపెనీ ఉద్యోగి. శిస్తు వసూలు ఆయన విధి.

అయితే ఆ విధిని ఆయన నిర్వహించిన తీరు వేరు. ఏడేళ్ళలో ఎక్కువకాలం గుడారాలలోనే గడిపారు. 1802లో మొదలుపెట్టి పొలం పొలం కొలిపించారు. ప్రతి రైతుకు ఏ పొలానికి ఎంత శిస్తో పట్టాలో వ్రాసి ఇప్పించారు. మనం పదవీ విరమణ దాకా చేసిన జమాబందీకి మూలం ఇక్కడే ఉన్నది. ఎంత ఇవ్వాలో తెలియని బాకీ మనిషిని నిద్రపోనివ్వదు. లెక్క తెలిసిన బాకీ ఎంత పెద్దదైనా దానికి ఒక హద్దు ఉంటుంది.

రెండవది తకావీ. విత్తనానికి, ఎద్దులకు, బావుల బాగుకు సర్కారు నుంచి చిన్న చిన్న అప్పులు ఇచ్చి, పంట చేతికి వచ్చాక వసూలు చేసుకోవడం. తకావీ మన్రో కనిపెట్టినది కాదు, నవాబుల కాలం నుంచీ ఉన్నదే. దానిని క్రమంగా ఇచ్చి, క్రమంగా వసూలు చేయడంలోనే విశేషం. ఎక్కడా అప్పు పుట్టని రైతుకు మొదట సర్కారే అప్పు ఇచ్చింది. 1883లోను, 1884లోను వచ్చిన చట్టాలతో తకావీ స్థిరపడి, మన కాలం దాకా నడిచింది. కరువు సంవత్సరాలలో తకావీ పంచి, తరువాత ఆ బాకీల కోసం ఊళ్ళు తిరిగిన సభ్యులు మన సంఘంలోనే ఉన్నారు.

మూడవది జామీను. ఒక రైతు శిస్తు కట్టలేకపోతే తోటి రైతులు భరించాలన్న నియమం ఉండేది. అయితే అది పదవ వంతుకు మించకూడదని హద్దు పెట్టారు. హద్దులేని జామీను ఒక ఇంటి దివాళాను పది ఇళ్ళ దివాళా చేస్తుంది. ఈ ముక్క నేటి తల్లిదండ్రులు జ్ఞాపకం ఉంచుకోవలసినది.

తన లెక్కనే తాను తప్పుపట్టిన అధికారి

ఏడేళ్ళలో దత్తమండలాల రాబడి దాదాపు సగం పెరిగింది. మరొకరైతే ఆ అంకెలు చూపించి పదోన్నతి పొంది వెళ్ళిపోయేవారు. మన్రో 1807 ఆగస్టులో పై అధికారులకు పంపిన నివేదికలో వేరొక మాట వ్రాశారు. తాను వేసిన శిస్తు రైతు శక్తికి మించి ఉన్నదని, పంటలో సగానికి దగ్గరగా పోతున్నదని, అందుచేత అన్ని భూములకు నూటికి 25 వంతులు, బావులు చెరువుల కింది భూములకు అదనంగా మరో 8 వంతులు తగ్గించాలని సిఫారసు చేశారు. అచ్చిరాని పొలాన్ని వదులుకునే స్వేచ్ఛ, ఇష్టమైన పొలాన్ని పట్టుకునే స్వేచ్ఛ రైతుకు ఉండాలన్నారు. చేతిలో ఏమీ మిగలని రైతుకు ఎప్పటికీ పరపతి పుట్టదన్నదే ఆయన వాదనలోని సారం.

పైవారు వినలేదు. మన్రో సెలవుమీద స్వదేశం వెళ్ళగానే రైతువారీ పద్ధతిని తీసివేసి, ఊళ్ళకు ఊళ్ళు గుత్తకు ఇచ్చారు. ముందు మూడేళ్ళకు, తరువాత పదేళ్ళకు. శిస్తు తగ్గించలేదు. గుత్తదారులు కట్టలేకపోయారు. ఎందరో ఆస్తులు పోగొట్టుకున్నారు, కొందరు జైలు పాలయ్యారు. లేచి నిలబడుతున్న సీమ మళ్ళీ చతికిలపడింది.

1814లో మన్రో న్యాయ సంస్కరణల కమిషనుకు అధ్యక్షుడుగా తిరిగి వచ్చారు. 1816లో వచ్చిన శాసనాల వల్ల గ్రామ మునసబులకు పది రూపాయల దాకా దావాలు ఊళ్ళోనే విచారించే అధికారం లభించింది. చిన్న బాకీ కోసం దూరపు కోర్టుకు వెళ్ళి, బాకీకి మించి ఖర్చుపెట్టుకునే బాధ పేదలకు కొంత తగ్గింది.

1820 జూన్‌లో ఆయన మద్రాసు గవర్నరు అయ్యారు. పదమూడేళ్ళ క్రితం తాను వ్రాసిన కాగితం ఇంకా కచేరీలోనే ఉన్నది. రైతువారీ పద్ధతి తిరిగి వచ్చింది. మెట్ట, మాగాణి భూములకు నూటికి 25, తోట భూములకు 33 వంతుల తగ్గింపు దత్తమండలాలలో అమలు అయింది. కలెక్టరుగా అడిగినదాన్ని గవర్నరుగా తానే మంజూరు చేయగలిగిన అదృష్టం ఉద్యోగులలో ఎందరికి దక్కుతుంది?

పత్తికొండలో చివరి మజిలీ

గవర్నరు పదవికి ఆయన రాజీనామా ఇచ్చారు. భార్య, జబ్బుపడిన చిన్న కుమారునితో 1826లోనే స్వదేశం వెళ్ళిపోయారు. తరువాతి గవర్నరు రావడం ఆలస్యమైంది. ఆ వ్యవధిలో మన్రో తాను పడుచుతనంలో తిరిగిన దత్తమండలాలను చివరిసారి చూడాలని బయలుదేరారు. దారిలో కలరా సోకింది. 1827 జూలై 6న పత్తికొండలో మరణించారు. గుత్తిలో ఖననం చేసి, కొన్నేళ్ళకు ఆ అస్థికలను మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. పత్తికొండలో ఆయన జ్ఞాపకార్థం తోపు వేయించి, మెట్ల బావి కట్టించారు. మద్రాసులో జీను లేని గుర్రం మీద కూర్చున్న ఆయన విగ్రహం 1839లో వెలిసింది.

మన ప్రాంతంలో ఆయన పేరున గాథలు అల్లుకున్నాయి. మంత్రాలయం మఠం భూముల విచారణకు వెళ్ళిన మన్రోకు రాఘవేంద్రస్వామి దర్శనమిచ్చి మాట్లాడారని భక్తులు నేటికీ చెప్పుకుంటారు. కడప జిల్లా గండి క్షేత్రం గురించి ఇటువంటిదే మరొక గాథ ఉన్నది. మగపిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నవారూ ఉన్నారు. పన్ను వసూలు చేసిన అధికారి పేరు బిడ్డలకు పెట్టుకోవడం లోకంలో అరుదు.

ఆయన తరువాత

మన్రోతో సీమ కష్టాలు తీరిపోలేదు. కరువులు వచ్చాయి, సాహుకార్ల వడ్డీలు పెరిగాయి. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. ఆ దారిలోనే ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప గారు 1938లో చేనేత సహకార సంఘాన్ని స్థాపించారు. ఒంటరిగా అప్పు పుట్టని నేతగాడు పదిమందితో కలిస్తే నూలు దొరికింది, కూలి దొరికింది. సోమప్ప గారికి భారత ప్రభుత్వం 1954లో పద్మశ్రీ ఇచ్చి గౌరవించింది. బారామహల్‌లో మన్రో చూసిన అడ్వాన్సు సంకెలకు ఎమ్మిగనూరు నేతగాళ్ళు వెతుక్కున్న జవాబు ఇది అనవచ్చు.

ఐ.పి. అని మనం పిలిచే దావాలు 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద వచ్చినవి. ఆ చట్టంలోనూ చివర విడుదల ఉత్తర్వు అన్నది ఒకటి ఉన్నది. అంటే దివాళా తీసిన మనిషికి ఎప్పటికీ శిక్షే అని చట్టం కూడా అనలేదు. కోర్టు విడుదల చేసినవాడిని ఊరు విడుదల చేయకపోవడమే మన దగ్గర ఉన్న చిక్కు.

ఈ కాలంలో సాహుకారు మనసులో ఉండే లెక్క కంప్యూటరులోకి వెళ్ళింది. బ్యాంకులు సిబిల్ వంటి సంస్థల నివేదిక చూసిగాని అప్పు ఇవ్వడం లేదు. కుటుంబంలో ఇటువంటి కష్టం జరిగినవారికి మన్రో జీవితం నుంచి పనికివచ్చే మాటలు నాలుగు చెప్పి ముగిస్తాము.

మొదట పట్టా చూసుకోవాలి. అంటే ఎవరికి ఎంత బాకీ ఉన్నదో కాగితం మీద వ్రాసుకోవాలి. పరపతి నివేదికను ఏడాదికొకసారి ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం ఉన్నది. తెప్పించుకుని, తీరిన బాకీ తీరనట్లు పడి ఉంటే వ్రాతపూర్వకంగా సరిచేయమని కోరాలి. రెండవది, బ్యాంకు కొంత తగ్గించుకుని రాజీ చేసుకున్నా, ఆ రాజీ సంగతి నివేదికలో కనిపిస్తూనే ఉంటుంది. పూర్తిగా కట్టగలిగినవారు పూర్తిగా కట్టి, బాకీ లేదన్న కాగితం తీసుకుని భద్రపరచుకోవాలి. మూడవది, తకావీలాగా చిన్న అప్పుతో మొదలుపెట్టాలి. డిపాజిట్ మీద అప్పో, సంఘంలో చిన్న అప్పో తీసుకుని కిస్తీ తప్పకుండా కట్టాలి. డబ్బిస్తే పాత రికార్డు తుడిచేస్తామనేవారిని దగ్గరకు రానివ్వరాదు. నిజమైన వివరాన్ని ఎవరూ తుడవలేరు. కాలం, క్రమం తప్పని చెల్లింపు మాత్రమే దాని బరువు తగ్గిస్తాయి. నాలుగవది జామీను. పెన్షనరు సంతకం చేసే ముందు, తాను మునగకుండా ఎంతవరకు భరించగలడో లెక్క వేసుకుని, అంతకు మించి ఒప్పుకోకూడదు.

అప్పు ఇచ్చేవారికి కూడా ఇందులో ఒక మాట ఉన్నది. మన్రో రెండు వైపులా నిలిచినవాడు. దివాళా ఇంటి కొడుకుగా ఏటేటా తన వంతు పంపాడు. బాకీ వసూలు చేసే అధికారిగా, వసూలుకు కూడా ఒక హద్దు ఉండాలని, తాను వేసిన లెక్కనే తగ్గించమని వ్రాశాడు. కట్టేవాడి క్రమమూ, పుచ్చుకునేవాడి ఓర్పూ కలిసినచోటనే పోయిన పరపతి తిరిగి వస్తుంది.

మన సభ్యుల ఇళ్ళలో ఎవరైనా ఈ కష్టంలో ఉంటే, వారి గడప తొక్కడం మానవద్దని మనవి. పత్తికొండ వైపు వెళ్ళినప్పుడు ఆ మెట్ల బావి దగ్గర ఒక్క నిమిషం ఆగండి. మనుమలకు ఈ కథ చెప్పండి.